మూడో గేరు దగ్గర వంకర కుట్టు

వీధి మలుపు తిరిగి, మందుల షాపు దాటి, కారు కాస్త వేగం అందుకోగానే ఆ కుదుపు వచ్చేది. ఎవరో వెనక నుంచి మోకాలితో పొడిచినట్టు ఒక్క తాపు. ఆ తర్వాత కారు ఏమీ ఎరగనట్టు బుద్ధిగా పోయేది.

"తన్నింది," అనేవారు అత్తగారు వెనక సీట్లోంచి.

"తన్నిందత్తయ్యా," అనేది కోడలు స్టీరింగ్ వదలకుండా.

పొద్దున్నే వాళ్లిద్దరి మాటలు ఇలాగే మొదలయ్యేవి. అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది. ఎముక అతుక్కుంది గానీ కాలు ఇంకా మాట వినడం లేదు. వ్యాయామాలు చేయించే క్లినిక్కేమో ఊరికి అటు చివర. తీసుకెళ్లి తీసుకురావడం కోడలి పని. కారు తన్నినప్పుడల్లా ఆవిడ తుంటి పట్టుకుని కళ్లు మూసుకునేవారు. నొప్పి అని మాత్రం అనేవారు కాదు. ఆ అనకపోవడమే కోడలికి ఎక్కువ గుచ్చుకునేది.

కోడలు డ్రైవింగ్ నేర్చుకున్నది నలభై దాటాక. నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వారు, లైసెన్సు వచ్చాక నవ్వడం మానేశారు, అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. కారు పాతది, గేర్లు దానంతటవే మారే ఆటోమేటిక్. భర్త ఆఫీసు బస్సులో పోతాడు కనుక పగలంతా కారు ఈమె చేతిలోనే ఉండేది. ఆ సీట్లో కూర్చున్నంతసేపూ స్టవ్ కట్టేశావా అని గానీ, నా నీలం చొక్కా ఎక్కడ అని గానీ అడిగేవాళ్లు ఉండరు. తిరుగు ప్రయాణంలో అత్తగారు అలసిపోయి మాట్లాడరు. అప్పుడు అద్దాల్లోంచి ఊరు మెల్లగా వెనక్కి జరుగుతుంటే ఆమెకు ఎంతో హాయిగా ఉండేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ ఒక పనిలోకి జమ అవుతుందని భయం.

కుదుపు గురించి భర్త తేల్చేశాడు. "కారుకేం కాలేదు. నేను సాయంత్రం తీస్తే వెన్నలా పోతోంది. నువ్వు యాక్సిలరేటర్ తొక్కడం లేదు, దాని మీద నిలబడుతున్నావు."

"నా కాలు అంత బరువా?"

"కాలు బరువని నేనెందుకంటాను? ఈ ఇంట్లోనే ఉండాల్సినవాణ్ణి."

ఆదివారం ఆడపడుచు వచ్చింది. ఆవిడ వచ్చిందంటే ఏదో ఒకటి చక్కబెట్టకుండా పోదు. తల్లి తుంటి చూసింది, మందులు చూసింది, ఫ్రిజ్ తెరిచి చూసింది, చివరికి కుదుపు సంగతి విని సోఫాలో కూర్చుంది.

"ఇదేం బాగాలేదు. అమ్మ తుంటి మళ్లీ పక్కకి జరిగితే ఎవరిది బాధ్యత? మా పక్కింట్లో పనిచేసిన డ్రైవర్ ఒకతను ఖాళీగా ఉన్నాడు. బంగారంలాంటి మనిషి. రేపు కాక పై సోమవారం నుంచి రమ్మంటాను. క్లినిక్కు, బజారుకు, అన్నిటికీ అతనే తిప్పుతాడు. నీకూ కాస్త విశ్రాంతి, మరదలా."

"నాకు అలసటేం లేదు వదినా."

"అలసట తెలియకపోవడమే అలసట," అంది ఆడపడుచు, తాళంచెవి తగిలించే కొక్కెం వైపు చూస్తూ.

భర్త పేపర్ తిరగేశాడు. అత్తగారు చేతిలో కుట్టుపని వంక చూసుకుంటూ ఉండిపోయారు. ఎవరూ వద్దనలేదు కనుక డ్రైవర్ ఖాయమైనట్టే లెక్క. కోడలు లోపలికి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. సోమవారం లోపల ఆ కుదుపు పోకపోతే తాళంచెవి పోతుంది. పోయాక ఇక తిరిగి రాదు.

మర్నాడు క్లినిక్ నుంచి వస్తూ మరిది షాపు దగ్గర కారాపింది. మరిదికి కార్ల విడిభాగాల దుకాణం. ఇంట్లో అతన్ని సీసాల మరిది అంటారు. ఇంజిన్ మోగితే ఒక సీసా, పొగ వస్తే ఒక సీసా, అద్దం మసకబారితే ఒక సీసా. అతని దగ్గర సీసా లేని జబ్బు లేదు.

"వదినా, దీనికి మందుంది," అంటూ చిన్న సీసా తీసి కౌంటర్ మీద పెట్టాడు. "గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలపాలి. ఆయిల్ పాతబడితే దాని జారుడు గుణం తప్పుతుంది. లోపల గేరు పట్టుకునేటప్పుడు మెత్తగా పట్టుకోక గబుక్కున పట్టేస్తుంది. రబ్బరు సీళ్లు కూడా ఎండిపోయుంటాయి. ఇది పోస్తే సీళ్లు మెత్తబడతాయి, పట్టు సరిపడుతుంది. పోసి మర్చిపో."

కోడలు పోసి మర్చిపోయే మనిషి కాదు. సీసా వెనక చీమల్లాంటి అక్షరాలు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ముందు ఆయిల్ మట్టం చూడమని ఉంది. మట్టం మించి పోయవద్దని ఉంది. పోసిన వెంటనే కాదు, కొంత తిరిగాక గుణం కనిపిస్తుందని ఉంది.

"ఇదంతా చదవలేదా నువ్వు?"

"అమ్మేవాడు చదివితే ఎలా వదినా?" అన్నాడు మరిది.

ఇంటికి తెచ్చి, కారు పుస్తకం తీసి, అందులో చెప్పినట్టే చేసింది. కారు చదునైన చోట ఆపి, ఇంజిన్ వేడిగా, ఆన్‌లోనే ఉంచి, గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసింది. ఆయిల్ మట్టం సరిగ్గా పైగీత దగ్గరుంది. రంగు మాత్రం ఎరుపు పోయి, మాడిన చక్కెర రంగుకు తిరిగింది. అంటే ఇప్పుడు సీసా పోస్తే ఎక్కువవుతుంది. ముందు కొంచెం పాత ఆయిల్ తీయించాలి, అప్పుడు పోయాలి. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, చెల్లెలి గృహప్రవేశానికి వేరే ఊరు వెళ్లానని, శుక్రవారానికి వస్తానని చెప్పాడు.

భోజనాల దగ్గర ఈ సంగతంతా వివరంగా చెప్పింది. "ఆయిల్ నిండుగా ఉంది. మెకానిక్ వచ్చాక కొంత తీయించి పోయిద్దాం. అప్పటిదాకా ఎవరూ పోయొద్దు."

"ఊఁ," అన్నాడు భర్త. టీవీలో ఎవరో ఎవరినో ఓడిస్తున్నారు. అత్తగారికి ఆ పక్క చెవి కొంచెం తక్కువ. మందు పోశావా అని ఫోన్ చేసిన మరిదికి, "తర్వాత చెప్తాలే," అని పెట్టేసింది. సీసాను బట్టలుతికే సబ్బుల పక్కన అలమరలో ఉంచింది.

అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ కుట్టుపని టీచర్. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఎదురుపడితే తమ చీర అంచు చాటుకు లాక్కుంటారు, ఎక్కడ తప్పు పడుతుందోనని. కారులో ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. దిండు గలీబుల అంచులు మడిచి చేత్తో కుట్టుకుంటూ వస్తారు. క్లినిక్ రాగానే దారం ముడేసి ఆపుతారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ముడి దగ్గర నుంచి మొదలుపెడతారు.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే, ఉతకాల్సిన బట్టలు తీస్తున్న కోడలి చేతికి ఒక గలీబు తగిలింది. అంచు మీద వేలు పోనిచ్చింది. మొదట్లో రెండు మూడు కుట్లు వంకర, ఒకటి బాగా పొడుగు. ఒక చోట సూది వేలికి గుచ్చుకుందేమో, చిన్న గోధుమరంగు చుక్క. తర్వాత ముడి దాకా కుట్లన్నీ చిన్నవి, సమానం, బియ్యపు గింజలు పేర్చినట్టు. ముడి తర్వాత కూడా అంతే. ఒక్క వంకరా లేదు.

ఇంకో గలీబు తీసింది. అదీ అంతే. మొదట్లో వంకర, తర్వాత తిన్నన, ముడి తర్వాత తిన్నన.

అలా మంచం అంచున కూర్చుండిపోయింది. కాలు తనది. వెళ్లేటప్పుడూ అదే కాలు, వచ్చేటప్పుడూ అదే కాలు. తప్పు కాలిదే అయితే కుట్టు చివరిదాకా వంకర పోవాలి. కారు చల్లగా ఉన్నప్పుడే, రాత్రంతా నిలబడి పొద్దున మొదటిసారి మూడో గేరులోకి మారేటప్పుడే తన్నుతోంది. వేడెక్కాక తన్నడం లేదు. ఆయన తీసేది సాయంత్రం. అప్పటికి తను క్లినిక్కూ బజారూ తిప్పి వేడి చేసి పెడుతోంది. వెన్నలా పోకేం చేస్తుంది మరి.

ఆ సాయంత్రం భర్తకు గలీబు చూపించి, అంతా చెప్పింది. అతను అంచును వెలుతురులో పెట్టి చూశాడు, వేలితో తడిమాడు.

"నిజమేనే," అన్నాడు చివరికి. "అంటే నీ కాలు..."

"నా కాలు తేలికే."

"రేపటి నుంచి కోర్టులో సాక్ష్యాలకి గలీబులు పట్టుకెళ్లాలి," అని నవ్వేశాడు. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా ఉంది. కానీ డ్రైవర్ వద్దని మాత్రం అనలేదు. అక్కకు ఎదురు చెప్పడం చిన్నప్పటి నుంచీ అతనికి అలవాటు లేని పని. కారు తన్నడం మానితే చాలు, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదని అతని లెక్క.

బుధవారం కూడా కారు ఎప్పట్లాగే తన్నింది. వస్తూ వస్తూ వైపరు రబ్బరు మార్పించడానికి మరిది షాపు దగ్గర ఆగింది. గురువారం పొద్దున కారు కొత్త పాట ఎత్తుకుంది. మలుపు దగ్గర తన్నలేదు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఊరి మధ్య వంతెన ఎక్కుతుంటే ఇంజిన్ గయ్యిమంది, కారు మాత్రం కదలడానికి ఆలోచించుకుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుని ముందుకు దూకింది. వంతెన దిగాక మళ్లీ అదే. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ. వెనక సీట్లో అత్తగారు గలీబు మడిచి సంచిలో పెట్టేశారు.

"ఇవాళ కుట్టను," అన్నారు. "ఇది కుట్టు టీచర్ కుట్టినట్టు లేదు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు కుట్టినట్టుంది."

ఇంటికొచ్చిన కోడలు చీర కొంగు దోపి, బానెట్ లేపి, పుల్ల లాగింది. పుల్ల మీద ఆయిల్ పైగీత దాటి ఎక్కడికో పోయింది. అంతకన్నా విచిత్రం, దాని నిండా నురగ. సబ్బునీళ్లలో గరిటె ముంచి తీసినట్టు చిన్న చిన్న బుడగలు. మళ్లీ తుడిచి, మళ్లీ ముంచింది. మళ్లీ నురగ.

నేరుగా అలమర దగ్గరికి వెళ్లింది. సబ్బుల పక్కన సీసా లేదు.

ఆ రాత్రి భోజనాలకు మరిదినీ పిలిచింది. అందరికీ వడ్డించాక, తాను కూర్చోకుండా నిలబడే అడిగింది.

"గేర్‌బాక్స్‌లో ఎవరు పోశారు?"

భర్త గొంతు సవరించుకున్నాడు.

"నేనే. బుధవారం పొద్దున నువ్వు లేవకముందు. ఆఫీసు దగ్గర షాపులో కొన్నాను. నీకు చెప్పకుండా బాగు చేద్దామని..."

"నేను పోయొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావా?"

"నువ్వూ పోశావా అన్నయ్యా?" మరిది కంచం పక్కకు జరిపాడు. "నిన్న వైపరు మారుస్తూ నేనూ పోశానే. ఊరికే పోశాను వదినా, డబ్బులు కూడా రాసుకోలేదు. సర్‌ప్రైజ్ అనుకున్నా."

కోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బాగుంది. మరి అలమరలో సీసా ఎవరు తాగారు?"

భర్త తమ్ముణ్ణి చూశాడు, తమ్ముడు అన్నను చూశాడు. అత్తగారు మంచినీళ్ల గ్లాసు ఎత్తి, అక్కర్లేనంత సేపు తాగారు.

"అత్తయ్యా?"

"ఎదురింటి బస్సు బాబాయిగారి చేత పోయించాను," అన్నారావిడ గ్లాసు దించి. ఎదురింటాయన రిటైరైన బస్సు డ్రైవర్. "నిన్న సాయంత్రం, నువ్వు బట్టలు తెస్తానని మేడ మీదికి వెళ్లినప్పుడు. ఆయన పుల్ల చూడాలన్నారు. పుల్లా గిల్లా ఎందుకు, మా కోడలు దిగొచ్చేలోగా పోసేయండి అన్నాను."

మరిది ముందు నవ్వాడు, తర్వాత భర్త. కూరలో ఉప్పు తక్కువైందని ఇంట్లో ప్రతివాళ్లూ వంటగదిలోకి తొంగి చూసి తలా చిటికెడు వేసి వచ్చినట్టయింది. కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మీరెందుకు పోయించారు అత్తయ్యా? సోమవారం డ్రైవర్ వస్తున్నాడుగా."

"అందుకే," అన్నారు అత్తగారు. "వచ్చేవాడు కిటికీ తీస్తాడో మూస్తాడో. రేడియో పెడతాడు. దారంతా వాళ్ల ఊరి కబుర్లు చెబుతాడు. వాడి ముందు నేను తుంటి పట్టుకుని దిగాలా, ఎక్కాలా?" కంచంలోకి చూస్తూ మెల్లగా అన్నారు. "నీ కాలు కాదని నాకు ముందే తెలుసమ్మాయ్. కుట్టింది నేను కదా."

"తెలిస్తే వదిన ముందు అనొచ్చుగా?"

"దాని ముందు నేనెప్పుడు అన్నాను? పుట్టినప్పటి నుంచీ అదే అంటోంది, నేనే వింటున్నాను."

శుక్రవారం మెకానిక్ వచ్చాడు. పుల్ల చూసి కళ్లెగరేశాడు. "ఎవరమ్మా ఇన్ని పోసింది?"

"అందరూ," అంది కోడలు.

"ఎక్కువైతే లోపల తిరిగే చక్రాలు ఆయిల్‌ను చిలికేస్తాయి. నురగ వస్తే ఒత్తిడి అందదు, గేరు పట్టు జారుతుంది. వంతెన మీద గయ్యిమన్నది అందుకే. నిజానికి మొదట తన్నడం తగ్గిందన్నారే, అది మందు గుణమే. మందు మంచిదే, మోతాదే లేదు."

మొత్తం ఆయిల్ దింపించింది. ట్రేలోకి దిగిన ఆయిల్‌ను మెకానిక్ రెండు వేళ్ల మధ్య రాసి చూపించాడు. లోహపు రజను లేదు, మాడు వాసన కొంచెమే ఉంది. లోపల గేరును పట్టి ఉంచే పళ్లేలు అరిగిపోయి ఉంటే ఏ సీసా ఏం చేయలేదని, ఇది అంతదాకా రాలేదని అన్నాడు. ఆ కారుకు రాసి ఉన్న రకం ఆయిలే తెప్పించి, సీసా పట్టేంత వెలితి ఉంచి పోశాడు. చివర్న మరిది తెచ్చిన కొత్త సీసా మూత తీసి, "మీరు పోయండి," అని కోడలికి ఇచ్చాడు. ఆమె సన్నటి గరాటులో చుక్క ఒలకకుండా పోసింది. భర్త, మరిది వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. ఇంజిన్ వేడెక్కాక పుల్ల తీసి చూసింది. మట్టం గీత మీదుంది. నురగ లేదు.

"రెండు మూడు రోజులు తిప్పండి. మెల్లగా కుదురుకుంటుంది," అన్నాడు మెకానిక్.

శనివారం పొద్దున మలుపు దగ్గర తన్నింది, కానీ మోకాలితో కాదు, మోచేత్తో. ఆదివారం క్లినిక్ లేకపోయినా కూరల నెపం పెట్టుకుని ఊరి చుట్టూ తిప్పుకొచ్చింది. ఎవరూ ఎక్కడికని అడగలేదు.

సోమవారం డ్రైవర్ కన్నా ముందు ఆడపడుచు దిగింది. అతన్ని గేటు దగ్గర నిలబెట్టి, "ఇవాళ్టికి మరదల్ని నడపనీ. అమ్మ ఎలా కూర్చుంటుందో నువ్వు చూసి నేర్చుకో," అని అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను తల్లి పక్కన కూర్చుంది. భర్త ఆఫీసు బస్సు వదిలేసి గుమ్మంలో నిలబడ్డాడు.

కోడలు తాళం తిప్పింది. రాత్రంతా నిలబడ్డ కారు, మంచు పట్టిన అద్దాలు. దానికి ఎన్ని సాకులు కావాలంటే అన్ని ఉన్నాయి. వెనక సీట్లో అత్తగారు సంచిలోంచి గలీబు తీసి, సూదికి దారం ఎక్కించారు.

"అమ్మా, కదిలే కారులో సూదేమిటే?"

"నువ్వు మాట్లాడకుండా కూర్చో."

మలుపు తిరిగింది. మందుల షాపు దాటింది. కోడలు కాలు మామూలుగా ఎంత ఆనిస్తుందో అంతే ఆనించింది. రెండో గేరులో ఇంజిన్ గొంతు కొంచెం పెరిగింది, తర్వాత తగ్గింది. ఆ మధ్యలో ఏం జరిగిందో కారుకు తప్ప ఎవరికీ తెలియలేదు.

వెనక నుంచి ఎవరూ తన్నిందని అనలేదు. ముందు సీట్లో డ్రైవర్ మీటర్ల వంక చూసి, "బండి బాగుందమ్మా," అన్నాడు.

క్లినిక్ దగ్గర అత్తగారు దారం ముడేసి, గలీబు కూతురి ఒళ్లో పెట్టారు. "ఇందులో కారు తన్నిన చోటు చూపించు."

ఆడపడుచు అంచు పొడుగునా వేలు పోనిచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆవిడా ఒకప్పుడు తల్లి దగ్గర కుట్టు నేర్చుకున్నదే.

"ఎక్కడా లేదే."

"లేదు కదా. మరి ఈ అబ్బాయిని నువ్వు తీసుకుపో. నీ కారుకు వెనక బంపరు నిలవడం లేదని అల్లుడు చెబుతూనే ఉన్నాడు."

డ్రైవర్ నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆడపడుచు తల్లి మొహం చూసి, గలీబు మడతపెట్టింది. "సరే, మరదలు అలసిపోకపోతే నాకేం," అంది.

"నేను అలసిపోలేదు వదినా," అంది కోడలు. ఈసారి ఆ మాట ఎవరూ దిద్దలేదు.

ఆడపడుచు డ్రైవర్‌ను వెంటబెట్టుకుని క్లినిక్ నుంచే ఆటోలో వెళ్లిపోవడంతో, తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో అత్తగారు ఒక్కరే. సగం దారిలోనే కునుకు పట్టింది. సూది గలీబుకు గుచ్చి, జాగ్రత్తగానే పెట్టుకున్నారు. కోడలు దగ్గరి దారైన వంతెన మీదుగా రాకుండా, కావాలనే చుట్టుదారి పట్టింది.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ మొదటి గలీబును పక్కకు తీసింది, ఆ వంకర కుట్లున్నది, గోధుమ చుక్కది. అత్తగారు ఒక్క కుట్టు పక్కకు పోయినా విప్పి మళ్లీ కుట్టే మనిషి.

"ఇది విప్పనా అత్తయ్యా?"

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఆ అంచు చూశారు.

"ఉండనీ. అవి నా కుట్లు కావు, ఆ గేర్‌బాక్స్ కుట్లు. కావలిస్తే దాన్నే వచ్చి విప్పుకోమను," అని, దాన్ని తీసుకెళ్లి కోడలి దిండుకు తొడిగారు.